గుమ్మం అక్క గడప బయట

“మీ అబ్బాయికి చెప్పండి అత్తయ్యా, టీ బల్ల మీద పెట్టానని.”

బల్లకి అటువైపు కూర్చున్న అబ్బాయి తలెత్తాడు. అబ్బాయంటే యాభై దాటిన మనిషి. ఊళ్ళో సగం మందికి కళ్ళజోళ్ళు చేసిపెట్టినవాడు, చర్చి సంఘంలో పెద్ద. టీ కప్పు ఆయన మోచేతికి తగులుతూనే ఉంది.

“నాకు కనిపిస్తోందని చెప్పమ్మా.”

అత్తగారు కొడుకు వంకా కోడలి వంకా చూసి, చేతిలో ఉన్న రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసింది.

“ఇద్దరికీ చెవులున్నాయి. ఇద్దరికీ కళ్ళున్నాయి, వాడికైతే కళ్ళద్దాల షాపే ఉంది. మధ్యలో నన్నెందుకర్రా చంపుతారు?”

రాత్రి పెద్దల సభ ముగిసి ఇంటికొచ్చినప్పటి నుంచీ ఇదే వరస. మొగుడి వంక చూడకుండా మొగుడితో మాట్లాడే విద్య గుమ్మం అక్కకి ఒక్క రాత్రిలో పట్టుబడింది.

ఆవిడ అసలు పేరు సంఘంలో చాలామంది మరిచిపోయారు. ప్రతి ఆదివారం చర్చి గుమ్మంలో నిలబడి, బెరుకుబెరుకుగా వచ్చిన కొత్తవాళ్ళని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేది ఆవిడే. వచ్చినవాళ్ళకి ఒక తోడు కుటుంబాన్ని కుదిర్చేదీ ఆవిడే. తోడు కుటుంబమంటే ఆషామాషీ కాదు. కొత్తవాళ్ళతో ఒకే బెంచీలో కూర్చోవాలి, వాళ్ళింటికి వెళ్ళాలి, వాళ్ళని ఇంటికి పిలవాలి, చివరికి పెద్దల ముందు వాళ్ళ తరఫున మాట్లాడాలి. ప్రెస్బిటేరియన్ సంఘంలో పాస్టరు ఒక్కడూ తల ఊపితే సరిపోదు. ఎవరిని చేర్చుకోవాలన్నా పెద్దలంతా కూర్చుని తేల్చాల్సిందే.

టైర్ల షాపు పెట్టుకున్న టైర్లాయన కుటుంబం కొత్తగా వచ్చినప్పుడు మాత్రం ఆవిడ ఎవరినీ వెతకలేదు. తోడు మేమే ఉంటామంది. మొగుడూ సరేనన్నాడు. ఆ సరేనన్న మొగుడే రాత్రి, ఆ కుటుంబాన్ని ఇవాళ ఆదివారం సంఘంలో చేర్చుకునేందుకు కూర్చున్న పెద్దల సభలో, వాళ్ళ పరువు తీసి బల్ల మీద పెట్టాడు.

“నేను చేసిన తప్పేంటో చెప్పమనమ్మా,” అన్నాడు కళ్ళద్దాలాయన.

“తప్పా? ఏమీ లేదని చెప్పండత్తయ్యా. పెళ్ళాం నమ్మి చెప్పిన మాట తీసుకెళ్ళి పెద్దమనుషుల మధ్య పరిచారు. చాలా గొప్ప పని.”

“నేను పరచలేదు!” ఆయన తల్లిని మరిచిపోయి నేరుగా పెళ్ళాం వీపుతోనే మాట్లాడాడు. “‘స్టీరింగ్ ఎందుకు ముట్టుకోవో నువ్వే చెప్పెయ్ బాబూ, మనసు తేలికవుతుంది’ అన్నాను. అంతే. అతని నోటితో అతనే చెప్తే ఎవరూ ఏమీ అనరనుకున్నాను.”

“తేలికవుతుందట. అయిందా మరి? అయిందేమో కనుక్కోండత్తయ్యా.”

తేలిక కాలేదని ఆయనకీ తెలుసు. రాత్రి ఆ మాట వినగానే టైర్లాయన మొహం పాలిపోయింది. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. “నేనెందుకండీ చెప్పడం? మీకు చెప్పినవాళ్ళనే అడగండి,” అని బయటికి నడిచాడు. అవతల హాల్లో టీలు పోస్తున్న గుమ్మం అక్క పక్కనుంచే వెళ్ళాడు. ఆవిడ పలకరించింది. అతను పలకలేదు.

ఇదంతా చర్చి వాన్ దగ్గర మొదలైంది. నడవలేని ముసలివాళ్ళని ఆదివారాలు చర్చికి తీసుకురావడానికి ఒక వాన్ ఉంది, దానికి డ్రైవరు లేడు. టైర్లాయన ఒకప్పుడు లారీ తోలేవాడని తెలిసి పెద్దలు అడిగారు. అతను కుదరదన్నాడు. ఎందుకంటే చెప్పలేదు. కొత్తగా వచ్చినవాడికి ఇంత టెక్కేమిటని అందరూ మూతి ముడిచారు. ఆ ఆదివారమే ఆరాధన అయ్యాక, వంటగదిలో కప్పులు కడుగుతూ, అతని భార్య గుమ్మం అక్కకి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. తాగి లారీ నడిపాడు. సైకిలు మీద వెళ్తున్న మనిషిని గుద్దాడు. ఆ మనిషికి కాలు పోయింది, ఇతను జైలుకెళ్ళాడు. బయటికొచ్చాక మళ్ళీ తాగలేదు, మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. పంక్చర్లు వేసుకుని బతుకుతున్నాడు. ఎంత దూరమైనా నడిచే వెళ్తాడు.

“నీ కడుపులో పెట్టుకో అక్కా,” అంది టైర్లాయన భార్య. “నా నోరు దాటదు,” అంది గుమ్మం అక్క.

అదే రోజు సాయంత్రం మొగుడు వాన్ సంగతెత్తి టైర్లాయన మీద రుసరుసలాడుతుంటే ఆగలేక చెప్పేసింది. మొగుడికి చెప్తే నోరు దాటినట్టు కాదనుకుంది.

“అమ్మా, తనకి చెప్పు,” కళ్ళద్దాలాయన మళ్ళీ మొదలుపెట్టాడు. “పొద్దున్నే నేను…”

గుమ్మం అక్క కుళాయి పూర్తిగా తిప్పింది.

ఆయన ఆగాడు. కుళాయి కట్టేదాకా ఓపిగ్గా ఆగాడు.

“పొద్దున్నే నేను వెళ్ళి…”

ఈసారి మూకుడు, ఇనుప పీచు. ఆ మూకుడు రాత్రే తోమింది.

“ఆ గొంతు నాకు వినపడకూడదని చెప్పండత్తయ్యా.”

“నేను చెప్పను,” అత్తగారు లేచింది. “మీ మోతలు మోయడానికి నేనేమన్నా కూలికి కుదిరానా? కొట్టుకుంటారో కలిసిపోతారో మీ ఇష్టం. నేను చర్చికి తయారవ్వాలి.” గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఇంట్లో మాటలు మోసే మనిషి కూడా లేకుండా పోయింది. కళ్ళద్దాలాయన వెళ్ళి బూట్లు తొడుక్కున్నాడు. బూట్లు తడిగా, బురదగా ఉన్నాయి. తెల్లవారాక ఎక్కడికో వెళ్ళొచ్చాడు. ఆవిడ చూసింది. అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది.

“పాస్టరు గారితో పనుంది, ముందు వెళ్తున్నా. నువ్వు త్వరగా రా,” అన్నాడు గుమ్మం దగ్గర ఆగి. “ఇవాళ చర్చి తలుపు దగ్గర నువ్వుండాలి. మర్చిపోకు.”

ఎవరిని ఆహ్వానించడానికి, అనుకుంది ఆవిడ. ఫ్రిజ్ తలుపు మీద రంగు పెన్సిళ్ళతో వేసిన వంతెన బొమ్మ ఉంది. వంతెన మీద మనిషి వంతెన కన్నా పొడుగ్గా ఉన్నాడు. కింద వంకర అక్షరాలతో ‘మా నాన్న’ అని రాసుంది. టైర్లాయన కూతురు వేసింది. గలగలా మాట్లాడుతూనే ఉంటుందని దానికి గుమ్మం అక్క పిచ్చుక అని పేరు పెట్టుకుంది.

ఆవిడ చేతులు తుడుచుకుని, చర్చి వైపు కాకుండా టైర్ల షాపు వైపు బయల్దేరింది.

షాపు ముందు పాత టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. షట్టరు సగం దించి ఉంది. పక్కనే ఇనుప మెట్లు, పైన ఒకటే గది. తలుపు కొట్టగానే లోపల్నుంచి పిచ్చుక గొంతు వినిపించింది.

“పెద్దమ్మా! అమ్మా, పెద్దమ్మొచ్చింది!”

“నువ్వు జడేసుకుంటూ ఉండు, నేను చూస్తా.”

తలుపు కొంచెమే తెరుచుకుంది. తెరిచిన సందులోంచి ఆ పిల్ల తల్లి బయటికి వచ్చి, తలుపు వెనక్కి లాగేసి, దానికి ఆనుకుని నిలబడింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని ఆమెది. మొహం కూడా అలాగే, ఒక్క ముడత లేకుండా సర్దిపెట్టుకుని వచ్చింది.

“లోపలికి రమ్మనవా?”

“లోపల పిల్ల ఉందండీ.”

ఆ ‘అండీ’ గుమ్మం అక్కకి చెంపదెబ్బలా తగిలింది. నిన్నటిదాకా ‘ఏం అక్కా, నువ్వు తిన్నావా’ అన్న మనిషి.

“మీ ఆయనేడీ?”

“తెలీదండీ. రాత్రంతా కిటికీ దగ్గర కూర్చున్నాడు. తెల్లవారాక కిందకి దిగాడు, ఇంకా పైకి రాలేదు. నాతో మాట్లాడితే కదా. చెప్పొద్దన్నా చెప్పింది నేనేగా.”

“చూడమ్మా, నేను మా ఆయనకి తప్ప ఎవ్వరికీ చెప్పలేదు. ఒట్టు. వాన్ తోలనన్నాడని నోటికొచ్చినట్టు అంటుంటే, అలా అనకండి పాపం అని చెప్పాను. మీ మంచికే చెప్పాను. ఆయన కూడా మీ మంచికే…”

“మా మంచికి మీరు చెప్పారు. మా మంచికి మీ ఆయన అడిగారు.” లాండ్రీ అమ్మాయి గొంతు పెంచలేదు. “ఇంకెవరైనా మా మంచి కోరితే మేం ఊరొదిలి పోవాల్సిందేనండీ.”

గుమ్మం అక్క ఎంతమంది కొత్తవాళ్ళ కన్నీళ్ళు తుడిచిందో లెక్కలేదు, ఇప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు.

“నీకు చెప్పానంటే… మీకు చెప్పానంటే ఎందుకనుకున్నారు? బరువు దించుకోవడానికి కాదు. పిల్లకి తెలీదు. మీ నాన్న దూరంగా వంతెన కట్టే పనికెళ్ళాడని చెప్పాను. అది అదే పట్టుకుని ఊరంతా వంతెన బొమ్మలు వేస్తోంది. చర్చిలో ఎవరైనా ఎప్పుడైనా ఆ మాట ఎత్తబోతే, మీరు అడ్డం పడతారనుకున్నాను. సమయం చూసి నేనే చెప్పుకుందామనుకున్నాను. కొంచెం పెద్దదయ్యాక.”

“దాని చెవిన పడదు,” గుమ్మం అక్క గబగబా అంది. “సభలో మాట సభలోనే ఉంటుంది. పెద్దలు బయట నోరెత్తకూడదు, అది మా దగ్గర నియమం. మిగతా సంఘంలో ఒక్కరికీ తెలీదు. నా మాట నమ్ము.”

“మీ మాట,” అంది లాండ్రీ అమ్మాయి. “మేం ఇవాళ రామండీ. మీకు ఆలస్యమవుతుంది, వెళ్ళండి.”

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. “పెద్దమ్మ లోపలికి రాదా?” అని పిచ్చుక అడగడం, దానికి ఎవరూ జవాబు చెప్పకపోవడం గుమ్మం అక్కకి స్పష్టంగా వినిపించాయి.

అందరికీ తలుపు తీసే మనిషికి గడప ఇవతల నిలబడ్డం అలవాటు లేదు. ఆ మూసిన తలుపు ముందు నిలబడే ఏడ్చింది. తర్వాత మెట్లు దిగుతూ ఆ ఏడుపంతా మొగుడి మీద కోపంగా మార్చుకుంది. అదే ఆవిడకి సులువైంది. నమ్మి చెప్పాను. కట్టుకున్నవాడే కదా అని చెప్పాను. నలుగురిలో మంచి పెద్ద అనిపించుకోవడానికి నన్ను అమ్మేశాడు. ఇలా అనుకుంటూ చర్చి చేరేసరికి పాట వినిపిస్తోంది.

గుమ్మంలో తాళాల తాత పాటల పుస్తకాలు పట్టుకుని చిరాగ్గా నిలబడ్డాడు. అందరిలోకీ వయసైన పెద్ద ఆయనే. చర్చి తాళాలు ఆయన నడుముకే వేలాడుతుంటాయి.

“ఏమ్మాయ్, నీ తలుపు నాకంటగట్టి ఎటెళ్ళావ్? వచ్చినవాళ్ళంతా నా మొహం చూసి జడుసుకుంటున్నారు.”

ఆవిడ నవ్వలేదు. పుస్తకాలు అందుకోలేదు. లోపలికి వెళ్ళి కూర్చోనూ లేదు. తెరిచిన తలుపుకి వీపు ఆనించి నిలబడింది. రెండు కుటుంబాలూ కలిసి కూర్చునే బెంచీలో అత్తగారు ఒక్కతే ఉంది.

ముందు వరసలో పెద్దల మధ్య కూర్చున్న కళ్ళద్దాలాయన వెనక్కి తిరిగి ఆవిడని చూశాడు. ఇటు రా అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ మొహం తిప్పేసుకుంది. మళ్ళీ ఊపాడు, లేవబోయాడు. అంతలో పాస్టరు మాట్లాడటం మొదలుపెట్టేసరికి కూర్చున్నాడు.

ఆ రోజు పాస్టరు తీరు కూడా వింతగానే ఉంది. ఒక పాట పాడించాల్సిన చోట రెండు పాడించాడు. పదే పదే తలుపు వైపు చూశాడు. నన్నే చూస్తున్నాడు, అనుకుంది గుమ్మం అక్క. అంతా ఈవిడ వల్లేనని ఆయనకీ చెప్పేసి ఉంటాడు ఈ మహానుభావుడు.

చివరికి పాస్టరు, ఇక ఆగలేక కాబోలు, సంఘంలో చేరేవాళ్ళని ముందుకి పిలిచాడు. బేకరీ నడిపే కుర్ర జంట సిగ్గుపడుతూ వెళ్ళి నిలబడ్డారు. వాళ్ళని అడగాల్సినవి అడిగాడు. తర్వాత సంఘాన్ని లేచి నిలబడమన్నాడు. జనమంతా లేచారు.

“సంఘమా, వచ్చినవారిని మీ సొంతవారిగా చేర్చుకుంటారా? వారి కష్టంలో, సంతోషంలో తోడుంటామని, వారిని కాపాడుకుంటామని మాటిస్తారా?”

“ఆగండి,” అంది గుమ్మం అక్క.

తలలన్నీ వెనక్కి తిరిగాయి.

“ఏ మొహం పెట్టుకుని మాటిస్తాం పాస్టరు గారూ? ఇవాళ అక్కడ ఇంకో కుటుంబం నిలబడాలి. లేరు. ఎందుకు లేరో పెద్దల్ని అడగండి. మా ఇంటాయన్ని అడగండి.”

కళ్ళద్దాలాయన అప్పటికే లేచి బెంచీల మధ్య నుంచి గబగబా నడిచి వస్తున్నాడు. “ఆగు. ఒక్క నిమిషం. నీకు దణ్ణం పెడతాను, ఆగు.”

“రాత్రి ఆగారా మీరు? ఇంట్లో చెప్పుకున్న మాటని సభలో పెట్టేముందు ఒక్క నిమిషం ఆగారా? చేర్చుకుంటామట, కాపాడుకుంటామట! నమ్మి వచ్చిన కుటుంబాన్ని తరిమేశాం!”

“ఏంటమ్మాయ్, పెద్దల్నంటావు?” పక్కనే ఉన్న తాళాల తాతకి రోషమొచ్చింది. “ఎవరూ తరమలేదు. మర్యాదగా అడిగితే జవాబు చెప్పలేక తనే లేచిపోయాడు. లోపల దొంగబుద్ధి లేకపోతే ఆ దాపరికమెందుకు?”

“దొంగబుద్ధా?” గుమ్మం అక్కకి ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా ఎవరున్నారో, తను ఎక్కడుందో తెలీలేదు. “ఆయనకా దొంగబుద్ధి? మీ అందరికన్నా మంచివాడు! జైలుకెళ్ళొచ్చానని మెళ్ళో బోర్డు కట్టుకుని తిరగాలా ఆయన?”

అన్నాక తన మాట తనకే వినిపించింది.

ముందు నిలబడ్డ బేకరీ అమ్మాయి చేత్తో నోరు మూసుకుంది. అత్తగారు “అయ్యో, అయ్యో” అంటూ బెంచీ మీద కూలబడింది. రెండిళ్ళకి తప్ప ఎవరికీ తెలీని సంగతి, ఇప్పుడు తెలీనివాళ్ళంటూ ఎవరూ లేరు.

కళ్ళద్దాలాయన ఆవిడకి చెయ్యి అందేంత దూరంలో ఆగిపోయాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆవిడని ఎక్కువ భయపెట్టింది.

“తెల్లవారాక వెళ్ళి అతని కాళ్ళావేళ్ళా పడ్డాను. తప్పు నాదేనన్నాను. పాస్టరు గారి దగ్గరికి తీసుకొచ్చాను, ఈ తాత తప్ప మిగతా పెద్దలం అందరం క్షమించమని అడిగాం. ఒప్పుకున్నాడు. ఇంటికెళ్ళి వాళ్ళని తీసుకొస్తానన్నాడు. నీకు చెప్పాలనే చూశాను. పొద్దున్నుంచీ అదే చెప్పాలని చూశాను.”

అప్పుడు గమనించింది ఆవిడ. ఎవరూ తనని చూడటం లేదు. అందరి చూపూ తన భుజం మీదుగా వెనక్కి పోతోంది.

తిరిగి చూసింది.

గడప బయట ముగ్గురూ ఉన్నారు. టైర్లాయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు, ఎంత తోమినా గోళ్ళ నలుపు పోలేదు. లాండ్రీ అమ్మాయి కూతురి రెండు చెవులూ అరచేతులతో మూసి పట్టుకుంది. కానీ మూసేసరికే ఆలస్యమైందని పిల్ల మొహం చూస్తే తెలుస్తోంది. ఆమె గుమ్మం అక్కని తిట్టలేదు. ఒకసారి చూసి, ఇంకెప్పటికీ చూడాల్సిన పని లేదన్నట్టు కళ్ళు దించేసుకుంది.

గుమ్మం అక్క తలుపు పట్టుకుని నిలబడింది.

పిచ్చుక తల్లి చేతులు విడిపించుకుంది. దాని చేతిలో చుట్టిన కాగితం ఉంది, కొత్త బొమ్మ కాబోలు.

“నాన్నా, నువ్వు వంతెన కట్టడానికి కదా వెళ్ళావు?”

టైర్లాయన మోకాళ్ళ మీద కూర్చుని కూతురి చెయ్యి అందుకోబోయాడు, అది వెనక్కి జరిగింది. తల్లి వంక చూసింది. తల్లి నేల చూస్తోంది.

అప్పుడది గడప దాటి లోపలికి వచ్చింది. ప్రతి ఆదివారం వచ్చినట్టే వచ్చి, గుమ్మం అక్క చెయ్యి పట్టుకుంది.

“వాళ్ళు చెప్పట్లేదు,” అంది. “నువ్వు చెప్పు పెద్దమ్మా. మా నాన్న ఎక్కడికెళ్ళాడు?”